‘మొదటి వేట’ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

పిల్లలనో, తుపాకీ ఎన్నడూ పట్టని పెద్దవాళ్లనో మొదటిసారి వేటకు పంపాలని ప్యాకేజీల కోసం వెతుకుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. చట్టం వేటకు అనుమతించని చోట ఉన్నవారికి దీంతో పని లేదు. మా విషయంలో లైసెన్సులు, అనుమతి చీటీలు, సీజను తేదీలు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయినా ఆ ఉదయం పాడైంది. నిర్వాహకుడి పేరు రాయడం లేదు. పేరు రేపు మార్చుకోవచ్చు, పద్ధతి మారదు. ఆ పద్ధతిని గుర్తుపడితే చాలు.

మా అమ్మాయికి 13 ఏళ్లు, మా బావమరిదికి 40 దాటాయి. ఇద్దరికీ ఇదే మొదటి వేట. నేను చాలా ఏళ్లుగా వేటకు వెళ్తున్నాను. కానీ సొంత పిల్లలకు కారు నడపడం, తుపాకీ పేల్చడం తండ్రి నేర్పకూడదని నా గట్టి నమ్మకం. మనం చిరాకులో అన్న ఒక్క మాటను వాళ్లు పదేళ్లు మోస్తారు. అందుకే డబ్బు కట్టి గైడును పెట్టుకున్నాను. ప్రకటనలో మూడు హామీలు ఉన్నాయి. కొత్తవారు ఒక్కొక్కరికి ఒక్కో గైడు, ముందురోజు సాయంత్రం గురి సాధన, ‘కాల్చే అవకాశం ఖాయం’. నేను పడిపోయింది ఆ మూడో హామీకే. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా అడవిలో ‘ఖాయం’ అనే మాట ఎలా నమ్మానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ముందురోజు సాయంత్రం శిబిరానికి చేరేసరికి కొత్తవాళ్లు ఆరుగురు, గైడులు ఇద్దరు. మిగతా గైడులు ఎక్కడ అని అడిగితే ‘దారిలో ఉన్నారు’ అన్నారు. మేము తిరిగి వచ్చేదాకా వాళ్లు దారిలోనే ఉన్నారు. గురి సాధన సంగతి అడిగితే వెలుతురు తగ్గిపోయిందని, ఈ వేళప్పుడు తుపాకులు పేలిస్తే జింకలు బెదిరిపోతాయని చెప్పారు. వినడానికి సబబుగానే ఉంది. ఆ సబబు ప్రకటన రాసినప్పుడు ఎందుకు గుర్తుకు రాలేదన్నదే ప్రశ్న.

అసలు తప్పు తుపాకీతో మొదలైంది. మా అమ్మాయి చేతికి ఇచ్చింది .300 విన్చెస్టర్ మాగ్నమ్. ఎల్క్, మూస్ లాంటి భారీ జంతువుల మీద వాడే తూటా అది. అది భుజాన్ని తన్నే తన్ను, కొత్తవాళ్లకు సాధారణంగా ఇచ్చే .243 విన్చెస్టర్ తన్నుకు రెట్టింపు పైనే ఉంటుంది. ఆ చిన్న తూటా 1955 నుంచి దొరుకుతోంది, మామూలు జింకకు అది సరిపోతుంది. అంటే పిల్లలకు తగిన తుపాకీ దొరకదన్న సాకు చెల్లదు. ‘పెద్దదైతే గురి కాస్త తప్పినా పని జరుగుతుంది’ అన్నాడు గైడు. ఈ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తుపాకీ తన్నుతుందన్న భయంతో ట్రిగ్గర్ నొక్కే క్షణాన కళ్లు మూసుకునేవాళ్లకు ఎంత పెద్ద తూటా ఇచ్చినా అది పొట్టలోకో కాలిలోకో పోతుంది.

పొడవు కూడా పెద్దవాళ్లదే. దీనికి పది సెకన్ల పరీక్ష ఉంది. మోచేతిని లంబకోణంలో వంచి, తుపాకీ వెనుక భాగాన్ని మోచేతి మడతలో ఆనించాలి. చూపుడువేలు ఇబ్బంది లేకుండా ట్రిగ్గర్‌ను అందుకుంటే కొలత దాదాపు సరిపోయినట్టే. మా అమ్మాయి వేలు ట్రిగ్గర్ దరిదాపులకు కూడా రాలేదు. అంత పొడవున్న తుపాకీ పట్టిన పిల్ల ఏం చేస్తుంది? మెడ ముందుకు చాచి స్కోపు (తుపాకీ మీద బిగించే గురి దుర్భిణి) దగ్గరకు కన్ను తెస్తుంది. రైఫిల్ స్కోపుకూ కంటికీ మధ్య మూడు, నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. అది తగ్గితే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోపు అంచు వచ్చి కనుబొమ్మకు కొడుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. డబ్బు కట్టి పెట్టుకున్న నిపుణుడి ముందు తండ్రి అతిగా జోక్యం చేసుకుంటున్నాడని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. ఈ వ్యవహారంలో నా వంతు నేరం అది.

ఏ కన్ను బలమైనదని కూడా ఎవరూ అడగలేదు. రెండు చేతులు ముందుకు చాచి, బొటనవేళ్ల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి దూరంగా ఉన్న వస్తువును చూస్తూ ఒక్కో కన్ను మూస్తే తెలిసిపోతుంది. మా అమ్మాయిది కుడిచేతివాటం, బలమైన కన్ను మాత్రం ఎడమది. ఈ సంగతి మాకు ఇంటికి వచ్చాక తెలిసింది. చెవి రక్షణ అడిగితే ‘చెవులు మూసుకుంటే జింక అడుగుల చప్పుడు వినబడదు’ అన్నాడు గైడు. రైఫిల్ మోత 140 డెసిబెళ్లు దాటుతుంది, ఒక్క పేలుడుకే వినికిడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. చిన్న చప్పుళ్లను పెంచి, పెద్ద మోతను అడ్డుకునే ఎలక్ట్రానిక్ చెవికప్పులు ఎప్పుడో వచ్చాయి. అదృష్టం కొద్దీ నా సంచిలో రెండు జతలు ఉన్నాయి.

తెల్లవారుజామున మంచె ఎక్కాం. ఒక్క గైడు, ముగ్గురు కొత్తవాళ్లు (మా ఇద్దరితో పాటు ఒక పదిహేనేళ్ల కుర్రాడు), వెనకాల చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న నేను. గంట తర్వాత ఒక జింక బయటికి వచ్చి, మాకు ఎదురుగా, ఛాతీ మా వైపు తిప్పి నిలబడింది. కొత్తవాళ్లు ఆ కోణంలో కాల్చకూడదు. జంతువు పూర్తిగా పక్కకు తిరగాలి, అప్పుడు ముందుకాలి వెనుక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు భోజనపు పళ్లెమంత గురిగా దొరుకుతుంది. ఇంట్లో ఎనిమిది అంగుళాల కాగితపు పళ్లెం గోడకు అంటించి మా అమ్మాయికి చూపించాను. నేను నేర్పింది అంతే.

“అది పక్కకు తిరిగేదాకా ఆగనా?” అని అడిగింది గుసగుసగా.

“ఇప్పుడు వదిలితే మళ్లీ రాదు. కాల్చు, కాల్చు” అన్నాడు గైడు.

కాల్చింది. స్కోపు కనుబొమ్మకు తగిలి చర్మం చీలింది. ముఖం మీదికి రక్తం కారుతుంటే, ఏడవకుండా, “దానికి తగిలిందా నాన్నా?” అని అడిగింది. తగిలింది. జింక నడుము వంచి, గూనిదానిలా పరుగెత్తి పొదల్లోకి పోయింది. దెబ్బ పొట్టలో తగిలినప్పుడు ఎక్కువగా కనిపించే నడక అది. కింద ఆకుల మీద ముదురు రక్తంతో కలిసి పచ్చటి జిగురు కూడా ఉంది. ఊపిరితిత్తులకు తగిలి ఉంటే లేత ఎరుపులో, నురగతో కనిపించేది.

ఇలాంటప్పుడు చేయాల్సింది వేచి ఉండటం. మంచి దెబ్బ తగిలిందనుకున్నా కనీసం అరగంట ఆగుతారు. పొట్టలో తగిలితే ఆరు నుంచి ఎనిమిది గంటలు, కొందరు ఇంకా ఎక్కువ. ఎవరూ తరమకపోతే జంతువు దగ్గర్లోనే పడుకుంటుంది, అక్కడే దొరుకుతుంది. తరిమితే మైళ్లు పోతుంది. మా గైడు ఐదు నిమిషాల్లో దిగి, ముగ్గురినీ వెంటేసుకుని, పొదలు తొక్కుతూ పరుగెత్తాడు. దూరంగా కొమ్మలు విరిగిన చప్పుడు ఒకసారి వినిపించింది, అంతే. అరగంట తిరిగి వచ్చి, ‘తగల్లేదు, గురి తప్పింది’ అని తేల్చేశాడు. ఆకుల మీద నేను చూసింది చూపిస్తే, అది పాతదన్నాడు. తడి ఆరని పాతది!

తగల్లేదని ఎందుకు అన్నాడో తర్వాత అర్థమైంది. గాయపడిన జంతువు ఉందని ఒప్పుకుంటే రోజంతా వెతకాలి. తప్పిందంటే వెంటనే మా బావమరిదిని కూర్చోబెట్టవచ్చు. కూర్చోబెట్టబోయాడు కూడా. మంచె మీద నుంచి తూటా నింపిన తుపాకీని కిందికి అందించాడు. గొట్టం నేరుగా ఆ పదిహేనేళ్ల కుర్రాడి వైపు ఉంది. మంచె ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తూటాలు తీసేసి, తుపాకీని తాడుకు కట్టి దించాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. అప్పటిదాకా దాచుకున్న నోరు అప్పుడు తెరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. మా బావమరిది తుపాకీ ముట్టుకోకుండానే, ‘బావా, వెళ్దాం పద’ అన్నాడు. ఆ రోజు సరైన నిర్ణయం తీసుకున్నవాడు అతనొక్కడే.

అమ్మాయి కనుబొమ్మకు నాలుగు కుట్లు పడ్డాయి. డబ్బు వెనక్కి అడిగితే జవాబు ఒకే వాక్యంలో వచ్చింది: ‘కాల్చే అవకాశం ఖాయమన్నాం, ఇచ్చాం.’ నిజమే. ఆ ప్రకటనలో వాళ్లు నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

కాబట్టి అడ్వాన్సు పంపే ముందు అడగాల్సింది జంతువు గురించి కాదు, మీ పిల్ల పక్కన కూర్చోబోయే మనిషి గురించి. అతని పేరు ముందే చెప్పగలరా? చేయి చాస్తే తుపాకీ అందేంత దగ్గరలో, ఆ ఒక్క పిల్ల కోసమే ఉంటాడా? తుపాకీ ఏది, దాన్ని ముందుగా సాధనలో పేల్చనిస్తారా, సొంతది తెచ్చుకోవచ్చా? గాయపడిన జంతువు దొరక్కపోతే మిగతా వేట ఆపేస్తారా? వీటికి జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోనులో అందరూ మంచివాళ్లే.

నేను ఇప్పుడు అన్నింటికన్నా ముందు అడిగే ప్రశ్న వేరు. ‘కొత్తవాళ్లను కాల్చవద్దని మీరు చివరిసారి ఆపింది ఎప్పుడు?’ ఆ తర్వాత వేరే గైడులకు ఫోను చేసి ఇదే అడిగాను. ఒకరు తడబడి, తమ దగ్గర అందరికీ విజయమేనన్నారు. ఇంకొకాయన మాత్రం ఆలోచించకుండా చెప్పాడు. జింక గట్టు అంచున నిలబడి ఉందట, వెనుక ఆకాశం తప్ప ఏమీ లేదట. తూటా గురి దాటితే ఎక్కడ ఆగుతుందో తెలియదు కాబట్టి తుపాకీ దించమన్నాడట. ఆ కుర్రాడు రోజంతా తనతో మాట్లాడలేదని నవ్వాడు. మొదటి రెండు సార్లు తుపాకీ లేకుండా రమ్మని, గాలి ఎటు వీస్తోందో, అడుగుజాడ ఎంత తాజాదో చూడటం నేర్చుకున్నాకే మిగతాదని కూడా చెప్పాడు. అమ్మాయి సిద్ధమైతే ఆయన దగ్గరికే తీసుకెళ్తాను. ప్రస్తుతానికి చిన్న తూటా వాడే .22 రైఫిల్‌ను, బలమైన ఎడమ కంటికి తగ్గట్టు ఎడమ భుజానికి ఆనించి కాగితపు పళ్లేలను కొడుతోంది. వేట మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ నిర్వాహకుడి కొత్త ప్రకటన పోయిన వారం నా కంటపడింది. నారింజ కోటు వేసుకుని, తనకన్నా పొడవున్నట్టు కనిపించే తుపాకీ పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి ఫోటో, కింద ‘మొదటి వేట, మరపురాని అనుభవం’ అని ఉంది. తీసేయమని రెండుసార్లు రాశాను, ఇంకా తీయలేదు. మీకు ఆ ప్రకటన కనిపిస్తే గుర్తుపెట్టుకోండి, అది మంచె ఎక్కక ముందు తీసిన ఫోటో. కనుబొమ్మ ఇంకా బాగానే ఉంది.