టోకెను వరుసలో పక్షవాతం: శ్రీకాకుళంలోని ఒక నరాల క్లినిక్‌పై నా అభిప్రాయం

నరసన్నపేట దగ్గరి మా ఊరిలో ఒంట్లో ఏ తేడా వచ్చినా ‘నరాల బలహీనత’ అనే అంటారు. గత ఆషాఢంలో ఒక ఉదయం ముగ్గు వేస్తుండగా మా అమ్మ కుడి చేతిలోని పిండి గిన్నె జారిపోయింది. పావుగంటసేపు మాట ముద్దగా వచ్చి, ఆపైన అన్నీ సర్దుకున్నాయి. ఊళ్లో వైద్యం చేసే ఆయన బి కాంప్లెక్సు సూది వేసి, సెలైను ఎక్కించి, ఫరవాలేదన్నారు. మర్నాడు మా మావయ్య పట్టుబట్టడం వల్లనే శ్రీకాకుళం పట్టణంలోని ఈ క్లినిక్‌కు వెళ్లాం. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాం.

డాక్టరుగారు మా అమ్మతో అరగంటకు పైగా మాట్లాడారు. “అమ్మా, గిన్నె జారినప్పుడు చేయి తిమ్మిరెక్కిందా, లేక పట్టే తప్పిందా?” అని ఆయన అడిగేదాకా, తిమ్మిరి వేరనీ, బలం తగ్గడం వేరనీ నాకు తోచలేదు. చేతులు చాపించి, చిన్న సుత్తితో మోకాళ్ల మీద తట్టి, అరికాలు గీరి, గదిలో అటూ ఇటూ నడిపించి చూసిన తరువాతనే పరీక్షలు రాశారు. కుడి చేయి, మాట కలిసి దెబ్బతింటే మెదడు ఎడమవైపు అనుమానించాలనీ, రక్తం కాసేపు అందక మళ్లీ అందినప్పుడు ఇలా లక్షణాలు వచ్చి పోతాయనీ, అవి పోయినంత మాత్రాన ప్రమాదం పోదనీ, అసలు పక్షవాతం వచ్చే అవకాశం మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువనీ వివరించారు. ఎమ్మారైతో పాటు మెడ రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లరు స్కాను, గుండె లయ తెలియడానికి ఈసీజీ ఎందుకో కూడా విడమరచి చెప్పారు. మేము ఒక రోజు పోగొట్టుకున్నామని నాకు అక్కడే అర్థమైంది.

హాలు శుభ్రంగానే ఉంటుంది, మందుల చీటీ చదవగలిగేలా ముద్రించి ఇస్తారు. నా ఫిర్యాదు కౌంటరు గురించి. మూడోసారి వెళ్లినప్పుడు, మూతి ఒకవైపుకు పోయిన పెద్దాయనను ఇద్దరు కొడుకులు పట్టుకుని తెచ్చారు. ఆయనకు 31వ నంబరు టోకెను ఇచ్చి కూర్చోబెట్టారు. అప్పటికి పిలుస్తున్నది తొమ్మిదో నంబరు. మా అమ్మ ఆయన మూతి చూసి నా చేయి గిల్లింది. నేను లోపలికి వెళ్లి చెప్పగానే డాక్టరుగారు స్వయంగా బయటికి వచ్చి, ఆయనను సీటీ స్కాను ఉన్న ఆసుపత్రికి పంపించారు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అదీ రక్తస్రావం లేదని స్కానులో తేలాకనే. 100 కిలోమీటర్లకు పైగా దూరమున్న విశాఖపట్నం ప్రయాణాన్ని కూడా ఆ గంటల్లోంచే తీసేయవలసిన మనకు, టోకెను వరుసలో పోయే ప్రతి నిమిషమూ మెదడుకు నష్టమే.

నిజానికి అలాంటి రోగి రావలసింది ఇక్కడికి కాదు, 108కు ఫోను చేసి నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా అంతే. ఒకసారి వచ్చి తగ్గిన ఫిట్స్, చేతుల వణుకు, షుగరు ఉన్నవారి పాదాల మంటలు, పెరుగుతున్న మతిమరుపు వంటివాటికి మాత్రం ఈ క్లినిక్ సరైన చోటని నమ్మకంగా చెబుతాను. హాలులో ఒక తల్లి తన బిడ్డకు ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెడుతున్నానని అన్నప్పుడు, డాక్టరుగారు ఆమెను కోప్పడలేదు. తాళాలు ఫిట్స్‌ను ఆపవనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏదీ పెట్టకుండా గడియారం చూసుకోవాలనీ, వీలైతే ఫోనులో వీడియో తీసి తెస్తే తనకు ఎంతో ఉపయోగమనీ చెప్పారు.

ఇవన్నీ పెద్ద అక్షరాలతో తలుపు దగ్గర రాయించమని నాలుగోసారి అడిగాను. కౌంటరులోని అమ్మాయి సరేనన్నది గానీ బోర్డు ఇంకా పెట్టలేదు. ఈ నెలాఖరున అమ్మను మళ్లీ చూపించాలి. బోర్డు మీద ఉండవలసిన మాటలు కాగితం మీద రాసి, మా వెంట తీసుకువెళుతున్నాను.