1,650 రూపాయల మైక్రోస్కోపు, మా గోడ మీది నత్తలు

ఫోనుకి తగిలించుకునే ఈ మైక్రోస్కోపు పెట్టె మీద 1000ఎక్స్, అంటే వెయ్యి రెట్లు అని రాశారు. అబద్ధం. స్కేలు మీది ఒక మిల్లీమీటరు గడి, చక్రం ఎంత తిప్పినా, నా ఫోన్ తెర మీద 14 సెంటీమీటర్లు దాటలేదు. అంటే 140 రెట్లు, అంతే. విశాఖలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో 31 ఏళ్ళు అటెండరుగా చేసినవాణ్ణి, ఈమాత్రం లెక్క నాకు తెలుసు. అయినా డబ్బు దండగైందని అనను. నాకు కావలసింది ఇరవై ముప్పై రెట్లే.

కొన్నది నత్తల కోసం. మా ఇల్లు మాధవధారలో, సింహాచలం కొండ కింద. గట్టి వాన పడితే చాలు, పిడికిలంత నత్తలు ప్రహరీ గోడెక్కుతాయి. బొప్పాయి ఆకులు తిన్నాయంటే సరే, గోడకి వేసిన సున్నాన్ని కూడా గీకుతాయి. ఇవి మన ఊరివి కావు, ఆఫ్రికావి. 1847లో విలియం బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తాకి తెచ్చి వదిలాడు, అక్కడినుంచి దేశమంతా పాకాయి. గుల్ల కట్టుకోవాలంటే సున్నం కావాలి కదా. మన కొండల్లో ఉండేది ఖొండలైటు అనే రాయి, అందులో సున్నం బాగా తక్కువ. బొర్రా గుహల వైపు సున్నపురాయి ఉంది కాబట్టి అక్కడ నేలే ఇస్తుంది. ఇక్కడ నా గోడ ఇస్తోంది.

మొదట వచ్చిన పీసులో లైట్లు వెలగలేదు. తిప్పి పంపితే తొమ్మిది రోజులకి ఇంకోటి వచ్చింది. దీని ఎనిమిది బల్బులూ మరీ ఎక్కువ వెలుగు, తడి గుల్ల మీద తెల్లగా కొట్టేస్తుంది. బల్బులకి అడ్డంగా చిన్న టిష్యూ కాగితం అంటించాను, సరిపోయింది.

ఆ తర్వాత చూడాలి! గుల్ల కొసన నున్నటి చిన్న చుట్టు ఉంటుంది, అది గుడ్డులో ఉండగా కట్టుకున్నది. అక్కడినుంచి నోటి దాకా గీతలే గీతలు, పెరిగినప్పుడల్లా ఒకటి. ఒక నత్తకి ఎప్పుడో నడి గుల్ల పగిలి అతుకు పడింది. చుట్టూ గోధుమరంగు, అతుకు మాత్రం తెల్లగా ఉంది. మా ప్రొఫెసరుగారు పాఠంలో చెప్పింది అప్పుడు అర్థమైంది. పైన ఉండే గోధుమరంగు ప్రొటీన్ పొరని నత్త నోటి అంచు దగ్గరే వేయగలదు. నడిమధ్య పగిలితే లోపలినుంచి సున్నం మాత్రమే పూయగలదు.

ఖాళీ గుల్ల మీద వెనిగర్ చుక్క వేసి మా మనవడికి చూపించాను. "తాతా, ఇదేటి, సోడాలా పొంగిపోతోంది!" అన్నాడు. కాల్షియం కార్బొనేటురా, కోడిగుడ్డు పెంకులోనూ అదే, కాకపోతే దాని స్ఫటికాలు రెండు రకాలు, అక్కడ కాల్సైటు, ఇక్కడ అరగోనైటు అని చెప్పాను. వాడికి బుడగలే కావాలి. మా అమ్మ తమలపాకుకి రాసుకున్న గుల్లసున్నం కూడా గుల్లలు కాల్చి చేసిందేనని చెప్పబోతే లేచిపోయాడు.

కుండీ మట్టిలో గుడ్లు దొరికాయి, ఆవగింజ కన్నా బాగా పెద్దవి. పైన సున్నపు పెంకు. పుట్టిన పిల్ల ముందు ఆ పెంకునే తింటుంది. తల్లి ఇచ్చిన మొదటి సున్నం అన్నమాట.

నన్ను బాగా ఆపింది మాత్రం మూత. చెరువుల్లో, పొలాల్లో మనం ఏరి కూర వండుకునే నత్తలకి కాలికి అంటుకుని గట్టి సున్నపు మూత ఉంటుంది. మా గోడ నత్తల వంశం ఆ మూతని ఎప్పుడో వదులుకుంది. కానీ మే నెలలో గుల్లలోకి ముడుచుకుని, నోటికి అడ్డంగా సున్నం కలిసిన జిగురుతో తెల్లటి పొర కట్టుకుంటుంది. వాన రాగానే పొర పోతుంది, మళ్ళీ కరువొస్తే మళ్ళీ కట్టాలి. పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోకుండా, వేరే దారిలో అదే పని చేసుకుంటోంది. ఆ పొరని 30 రెట్లలో చూస్తూ అరగంట కూర్చున్నాను, కాఫీ చల్లారిపోయింది. కుండీ కింద ఉండే నల్లటి తోలు నత్తకైతే గుల్లే లేదు, లోపలా లేదు. గుల్ల వదులుకోవడం నత్తల్లో ఒక్క వంశంలో కాదు, విడివిడిగా చాలా వంశాల్లో జరిగింది.

యూరప్ తోట నత్తలు జతకట్టేటప్పుడు ఒకదాన్నొకటి సెంటీమీటరు లోపు సున్నపు బాణంతో పొడుచుకుంటాయి. మనవాటికి అది లేదు. మైక్రోస్కోపు కొన్నాం కదా అని వెతక్కండి.

ఇంకో మాట, గ్లౌజులు లేకుండా పట్టుకోవద్దు. వీటిలో ఉండే ఎలుకల ఊపిరితిత్తుల పురుగు మనిషిలోకి వెళితే మెదడు పొరలకి వాపొస్తుంది.

స్టాండు దరిద్రం. మెడ వంగిపోతుంది, చిన్న నత్త పాకినా బొమ్మ ఊగుతుంది. నేను స్టాండు తీసేసి, అటుకుల డబ్బా మూతకి కన్నం పెట్టి మైక్రోస్కోపుని అందులో గుచ్చాను. చక్రం కూడా బిగుతే. మూడున్నర స్టార్లు. వైరుకి ఫోన్ పిన్ను విడిగా కొనాలి, 120 అయింది, పెట్టెలో రాదు.