సైకిల్ నేర్పారు, సైకిల్ వెనక్కి తీసుకున్నారు

పేద కాలనీల పిల్లలకు నగర రోడ్ల మీద సైకిల్ తొక్కడం నేర్పే ఒక స్వచ్ఛంద సంస్థ శిక్షణకు మా కాలనీ నుంచి పదకొండు మందిని ఎనిమిది ఆదివారాల పాటు వెంటబెట్టుకొని వెళ్లాను. అందరూ పన్నెండు నుంచి పదిహేడేళ్ల లోపు వాళ్లే. సంస్థ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదు ఆ ఒక్క సంస్థకే వర్తించేది కాదని నా అనుమానం.

మొదటి రోజు ఇచ్చిన సైకిళ్లకు పెడళ్లు లేవు. సీటు బాగా కిందికి దించి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సరిచేసి, నేలను కాళ్లతో తన్నుకుంటూ ముందుకు సాగమన్నారు. సగం సైకిల్ ఇచ్చారని పిల్లలు నవ్వుకున్నారు కానీ, 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన తొలి రెండు చక్రాల బండికీ పెడళ్లు లేవు. బండి ఏ వైపు ఒరిగితే హ్యాండిల్‌ను ఆ వైపే తిప్పాలన్న కిటుకు మాటలతో తలకెక్కేది కాదు, ఒంటికి తెలియాలి. సీటు వెనక పట్టుకొని ఎవరో పరుగెత్తే మన పాత పద్ధతిలో పిల్లలు బండిని కాక, పట్టుకున్న చేతిని నమ్ముకుంటారు. ఇక్కడ మూడో వారానికి తొమ్మిది మంది పెడళ్లు బిగించుకొని తొక్కారు.

ఈ శిక్షణలోని అసలు గొప్పదనం రోడ్డు పాఠాల్లో ఉంది. తొక్కుతూ తల వెనక్కి తిప్పితే హ్యాండిల్ కూడా అటే పోతుంది. అందుకని శిక్షకురాలు వెనక నిలబడి వేళ్లు చూపిస్తే, ముందు పోతున్న పిల్లలు తల తిప్పి చూసి, గీత దాటకుండా ఎన్ని వేళ్లో చెప్పాలి. ఆగి ఉన్న కారు తలుపును పూర్తిగా తెరిచి, దాని అంచు వరకు సుద్దముక్కతో గీత గీసి, తలుపు హఠాత్తుగా తెరిచినా తగలకుండా ఆ గీతకు ఇవతలే, కారుకు దూరంగా తొక్కాలన్నారు. మా పిల్లలు పదే పదే రోడ్డు అంచుకు ఒదిగిపోయేవారు; దానికి భయమొక్కటే కారణం కాదు, రోడ్డు తమది కాదన్న అలవాటు కూడా. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం సైకిల్‌ను వాహనంగానే నిర్వచించిందని శిక్షకురాలు చెప్పినప్పుడు, మా గుంపులో అతి తక్కువగా మాట్లాడే అమ్మాయి “అయితే మనం అడ్డం కాదన్నమాట, అక్కా” అంది.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది లారీ పాఠం. ఆగి ఉన్న లారీ పక్కన నలుగురు పిల్లలను సైకిళ్లతో నిలబెట్టి, ఒక్కొక్కరిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి అద్దాల్లో చూడమన్నారు. పదమూడేళ్ల కుర్రాడు ఒక అద్దం, ఇంకో అద్దం చూసి, కిటికీలోంచి తల బయటపెట్టి “వీళ్లెక్కడికి పోయారు?” అని అడిగాడు. మలుపు దగ్గర లారీ పక్కకు దూరవద్దని ఆ తర్వాత ఎవరికీ రెండోసారి చెప్పవలసిన పని పడలేదు.

లోపాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 2007లో మొదలైన బైకబిలిటీ శిక్షణలో మైదానం, తక్కువ రద్దీ వీధులు, రద్దీ రోడ్లు అని మూడు అంచెలు ఉంటాయి. ఇక్కడ మూడో అంచె చివరి ఆదివారం ఒక్క గంటలో ముగిసింది. కొన్ని సైకిళ్ల బ్రేకులు చిన్న చేతులకు అందవు. పంక్చర్ వేయడం నేర్పడానికి పదకొండు మందికి ఒకటే ట్యూబు. ఆదివారం ఉదయం పనికి పోయే పెద్ద పిల్లలిద్దరు ఐదో వారం నుంచి రాలేదు.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది ఏమిటంటే, చివరి రోజు ధ్రువపత్రాలు చేతికిచ్చి సైకిళ్లను వ్యాన్‌లోకి ఎక్కించుకొని వెళ్లిపోయారు. ఒకసారి వచ్చిన నిలకడ పోదు కానీ, వెనక వచ్చే బండి వేగాన్ని అంచనా వేసే చూపు రోజూ తొక్కితేనే నిలుస్తుంది. సైకిల్ కొనివ్వగలిగిన ఇళ్లు మా కాలనీలో తక్కువ. కొన్నా ఒకే గది ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలి, మెట్ల కింద తాళం వేసి ఉంచితే తెల్లారేసరికి ఉంటుందా అన్న ప్రశ్నలకు ఎనిమిది వారాల్లో ఎక్కడా చోటు దొరకలేదు.

తర్వాతి విడతకు ఇంకో తొమ్మిది మంది పేర్లు ఇచ్చాను, ఎందుకంటే ఇంత ఓపికగా రోడ్డును నేర్పేవాళ్లు నాకు వేరే కనిపించలేదు. దాంతో పాటు, శిక్షణ ముగిశాక కనీసం మూడు నెలలు నాలుగు సైకిళ్లను మా కాలనీలోనే ఉంచాలని, తాళాల బాధ్యత మేము తీసుకుంటామని రాతపూర్వకంగా అడిగాను. జవాబు ఇంకా రాలేదు.