వోచరా, అద్దె సాయమా, తాత్కాలిక వసతా: సర్వీస్ డాగ్ ఉన్న మాజీ సైనికుడికి ఏది మేలు?

అమెరికాలో నిలువ నీడ లేని మాజీ సైనికుడికి ప్రభుత్వం చూపే దారులు ముఖ్యంగా మూడు: హడ్-వాష్ వోచరు (అద్దెలో ఎక్కువ భాగం ప్రభుత్వమే కట్టే ఏర్పాటు), ఎస్‌ఎస్‌వీఎఫ్ అద్దె సాయం, జీపీడీ తాత్కాలిక వసతి. వైకల్యం ఉండి, వెంట సర్వీస్ డాగ్ (వైకల్యం ఉన్నవారికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్క) కూడా ఉన్నవారికి మా ఓటు వోచరుకే. కానీ దాని కోసమే ఎదురుచూస్తూ మిగతావి వదిలేయకూడదు.

హడ్-వాష్‌లో గృహ శాఖ (హడ్) వోచరుతో పాటు మాజీ సైనికుల శాఖ (వీఏ) కేస్ మేనేజరు కూడా ఉంటారు. అర్హత ఉన్నంతకాలం సాయం ఆగదు. అద్దెలో మాజీ సైనికుడి వాటా సాధారణంగా ఆదాయంలో 30 శాతం. నెలకు 1,200 డాలర్లు వస్తుంటే, మినహాయింపులు తీయకముందు 360. వాటా లెక్కలో వైకల్య పరిహారం కూడా ఆదాయమే. చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది: సర్వీస్ డాగ్ తిండి, పశువైద్యం వైద్య ఖర్చుల కింద చూపవచ్చు. నిర్ణీత పరిమితి దాటిన భాగాన్ని ఆదాయంలోంచి తీసేస్తారు, కాబట్టి రసీదులన్నీ దాచాలి.

చిక్కంతా వోచరు చేతికొచ్చాకే. ఇల్లు వెతకడానికి కనీసం 120 రోజులిస్తారు, అయినా వోచరు అనగానే తలుపు వేసే ఓనర్లు ఉన్నారు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి, ఫెడరల్ చట్టం నిషేధించలేదు. పైగా ఇంటి తనిఖీ పూర్తయ్యేలోపు ఓనరు మరొకరికి ఇచ్చేయొచ్చు.

ఎస్‌ఎస్‌వీఎఫ్‌ను స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి. డిపాజిట్, పాత బకాయిలు, కరెంటు బిల్లు, సామాను తరలింపు వంటివి కడతాయి. వోచరు కంటే త్వరగా అందుతుంది, కానీ కొంతకాలమే. పని చేయగలిగి, సంపాదన మళ్లీ మొదలయ్యేవారికి ఇది చాలు. పరిహారం మీదే బతికేవారికి సాయం ఆగిన నెల నుంచే అద్దె గుదిబండ అవుతుంది. అలాంటివారు దీన్ని డిపాజిట్‌కు వాడుకుని, అద్దెకు వోచరు పెట్టుకోవడం మంచిది.

జీపీడీలో 24 నెలల వరకు ఉండొచ్చు. ఇతరులతో కలిసి ఉండే చోట్లే ఎక్కువ. ఈ రాత్రికి తల దాచుకోవాలంటే మంచిదే. శిక్షణ పొందిన సర్వీస్ డాగ్ ఉందని తిప్పి పంపకూడదు. చేరేముందే గది ఏ అంతస్తులో ఉందో, డాగ్‌ను బయటికి తీసుకెళ్లే చోటు ఎంత దూరమో కనుక్కోండి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇల్లు దొరికే సమయంలో డాగ్ వల్ల పని చెడేది ఎక్కువగా దరఖాస్తు దగ్గరే. దాన్ని పెంపుడు జంతువుల గడిలో రాస్తే పెట్ ఫీజు, జాతి, బరువు నిబంధనలు మీద పడతాయి. ఇళ్ల విషయంలో వివక్షను అడ్డుకునే ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద వైకల్యం వల్ల మినహాయింపు కోరుతూ విడిగా లేఖ ఇవ్వడం మేలు. వైకల్యం బయటికి కనిపించకపోతే వైద్యుడి లేఖ జతచేయడం మంచిది. రోగం పేరు రాయనక్కర్లేదు, అవసరం రాస్తే చాలు. ఆన్‌లైన్‌లో అమ్మే సర్టిఫికెట్లకు డబ్బు తగలేయకండి, చట్టం వాటిని అడగదు. డాగ్ ఇల్లు పాడుచేస్తే మాత్రం ఆ నష్టం కట్టాల్సిందే. ఓనరు తానే ఉంటూ నాలుగు వాటాలకు మించని ఇంట్లో అద్దెకిస్తే ఈ ఫెడరల్ చట్టం సాధారణంగా వర్తించదు. నిరాకరిస్తే ఏడాదిలోపు హడ్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

మొదటి ఫోను ఇల్లు లేని మాజీ సైనికుల కోసం వీఏ నడిపే 877-424-3838కు చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. డీడీ-214 (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పత్రం) పోయినా ఆగొద్దు, సర్వీసు వివరాలు వీఏ రికార్డుల్లో చూస్తారు. వోచరూ ఎస్‌ఎస్‌వీఎఫ్ రెండూ ఒకేసారి అడగండి. డాగ్ ఉందని ఆ ఫోనులోనే చెప్పండి.