కీబోర్డు ముందు కూర్చున్నాక: సరిగమలా, కార్డులా?

గురువు లేకుండా ఇంట్లోనే సంగీతం థియరీ నేర్చుకుందామనుకునేవాళ్లకి మొదటి టెన్షన్ ఇదే: కర్ణాటక సంగీతం సరిగమలతో మొదలెట్టాలా, పాశ్చాత్య సంగీతం కార్డులతోనా (కార్డంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి నొక్కడం). నేను రెండూ ప్రయత్నించాను, రెండింట్లోనూ తడబడ్డాను.

సరిగమల దారిలో మొదలు మాయామాళవగౌళ రాగం, 15వ మేళకర్త (అంటే ఏడు స్వరాలూ ఉన్న మూల రాగం). సి మెట్టుని షడ్జమం (స) అనుకుంటే రి, ద మాత్రమే నల్లమెట్లు, మిగతావన్నీ తెల్లవే. స నుంచి మ దాకా మెట్ల మధ్య ఎంత దూరమో ప నుంచి పైస్థాయి స దాకా కూడా అంతే, అందుకే వేళ్లకి తొందరగా పట్టుబడుతుంది. 72 మేళకర్తల్లో మొదటి 36లో శుద్ధ మధ్యమం (కింది మ), మిగతా 36లో ప్రతి మధ్యమం (దానికి ఒక మెట్టు పైనున్న మ). ఈ లెక్క పట్టుబడితే నంబరు చూసి స్వరాలు చెప్పేయొచ్చు, అదో సరదా. చిక్కల్లా గమకంతోనే, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడంతో. అది పుస్తకం చదివితే రాదు, మామూలు కీబోర్డు మెట్ల మీద సరిగా పలకదు.

కార్డుల దారిలో ఫలితం వెంటనే కనిపిస్తుంది. సి మెట్టునే స అనుకుని శంకరాభరణం రాగంలోని స, గ, ప కలిపి నొక్కండి, అదే సి మేజర్ కార్డు. దానికి ఎఫ్, జి కార్డులు కలిపితే బోలెడు పాటలకి తోడు వాయించొచ్చు. కానీ ఓసారి భజనలో పాడేవాళ్లు శ్రుతి మార్చేసరికి నా చేతులు ఆగిపోయాయి, ఎందుకంటే కార్డుల పేర్లు బట్టీ పట్టానే గాని వాటి మధ్య వరస అర్థం చేసుకోలేదు. షడ్జమం స్థానాన్ని జరిపి ఆలోచించే అలవాటుంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

పాడేవాళ్లయితే సరిగమలే. గిటారు పట్టుకున్నవాళ్లు కార్డులతో మొదలెట్టినా పర్లేదు, కాకపోతే ఏ కార్డులో ఏ స్వరాలున్నాయో నోటితో పాడుకుంటూ వాయించండి.