సైకిలా, ఈతా, వీధి ఆటలా? గోదావరి డెల్టా పిల్లలకు ఏది మేలు?

వేసవి సెలవులు ముగిసే వేళకు మా వైపు చాలా ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లవాడు రెండు నెలలూ ఫోనుకు అతుక్కుపోయి ఒళ్లు చేశాడు, ఇకనైనా కాస్త కదిలించాలి. తండ్రి సైకిలు కొందామంటాడు. తల్లి పట్నంలో ఈత నేర్పిద్దామంటుంది. మేనమామ కరాటే క్లాసు ఫోను నంబరు పట్టుకొస్తాడు. తాతగారు మాత్రం "వీధిలోకి వదలండి, వాడే ఆడుకుంటాడు" అని పడక కుర్చీలోంచే తీర్పు చెప్పేస్తారు. ఎవరి మాటా తీసిపారేయదగ్గది కాదు. కానీ కాలువలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువుల మధ్య బతికే మనకు ఈ పోలిక హైదరాబాదు లెక్కలతో తేలదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు గుండె వేగం పెరిగేలా కదలాలని, వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ సగటు వారం మొత్తం మీద చూసేది కాబట్టి, వాయుగుండం పట్టి రెండు రోజులు ఇల్లు కదలకపోయినా కంగారు లేదు. లోటు మిగతా రోజుల్లో పూడ్చుకోవచ్చు.

ముందు ఈత సంగతి. వ్యాయామంగా దీనికి వంక పెట్టడం కష్టం. ఒళ్లంతా పనిచేస్తుంది, కీళ్ల మీద భారం పడదు, బొద్దుగా ఉన్న పిల్లలు కూడా సిగ్గుపడకుండా దిగుతారు. చిక్కంతా నీటి దగ్గరే. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, మరమ్మతులు చేసి, సార్వా (ఖరీఫ్ వరి) కోసం జూన్‌లో మళ్లీ నీరు వదులుతారు. అంటే పిల్లలకు తీరిక ఉన్నప్పుడు కాలువలో నీళ్లుండవు, నీళ్లు వచ్చేసరికి బడి గంట కొడతారు. పైగా జూలై, ఆగస్టుల్లో వచ్చే ఎర్రనీటిలో మోకాలి లోతు ఎక్కడుందో, నిలువు లోతు ఎక్కడుందో పెద్దవాళ్లకే తెలియదు. లాకుల దగ్గర, తూముల దగ్గర నీరు పైకి నిదానంగా కనిపిస్తూనే అడుగున లాగేస్తుంది. రేవు మెట్లకు పాచి పట్టి ఉంటుంది. గుర్రపుడెక్క కాళ్లకు చుట్టుకుంటుంది. వెనకటి తరం రెండు ఎండు కొబ్బరికాయలు జతకట్టి నడుం కింద పెట్టుకుని కాలువలోనే నేర్చుకుంది, నిజమే. కానీ అప్పుడు గట్టు మీద బట్టలుతికేవాళ్లు, గేదెలు కడిగేవాళ్లు నలుగురూ ఉండేవారు, ఎవరో ఒకరు చూస్తూ ఉండేవారు. ఇప్పుడు ఆ రేవులు చాలా చోట్ల ఖాళీ. ఊరి మురుగు ఎంత కలుస్తోందో చెప్పక్కర్లేదు.

అందుకని ఈతను రోజువారీ వ్యాయామాల జాబితాలోంచి తీసి వేరే గట్టున పెడతాను. అది ప్రాణానికి కాపలా. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లు నిండనివారు. ఆ వయసు పిల్లలకు కావలసింది ఈత క్లాసు కాదు. పెరటి గుంటకు కంచె, చెరువు గట్టు వైపు తలుపుకు గడియ, ఎప్పుడూ ఒక పెద్ద మనిషి కన్ను. ఆరేళ్లు దాటాక మాత్రం నేర్పించి తీరాలి. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఈత కొలనులో వేసవి ఉదయాలు కొన్ని ఖర్చుపెడితే చాలు. వేగంగా ఈదడం తర్వాత, ముందు వెల్లకిలా తేలుతూ ఊపిరి తీసుకోవడం రావాలి. కొలనులో ఈత వచ్చింది కదా అని రొయ్యల చెరువులో దిగితే మాత్రం ప్రమాదమే. ఏటవాలు గట్లు జారుతాయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు కరెంటు తీగలుంటాయి.

సైకిలుకు ఇన్ని షరతులు లేవు. డెల్టా నేల బల్లపరుపు, ఎత్తుపల్లాలు లేవు. ఏడేళ్ల పిల్ల కూడా అలసట తెలియకుండా ఊరి చివరి వరకు వెళ్లి రాగలదు. బడికి వెళ్లి రావడంలోనే అరగంట వ్యాయామం పూర్తవుతుంది, దాని కోసం ఎవరూ వేరే వేళ చూసుకోనక్కర్లేదు. ఫీజు లేదు, మాస్టారు సెలవు పెట్టడం లేదు. ఆటోలో పదిమందిని కుక్కి పంపే దూరం రెండు కిలోమీటర్లే అయితే, పదేళ్లు దాటినవాళ్లకు సైకిలుతో పోల్చదగ్గది మరొకటి నాకు కనిపించదు.

అయితే దారి ఏదన్నది చూసుకోవాలి. చేపల లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద పిల్లల్ని వదలలేం. ఊళ్ల మధ్య కాలువ గట్టు దారి మేలు, కానీ నవంబరు, డిసెంబరుల్లో దాని అవతారం మారిపోతుంది. సార్వా ధాన్యం సగం రోడ్డు మీద ఆరబోసి ఉంటుంది. బరకాలు ఎగరకుండా అంచుల వెంట ఇటుకలు, రాళ్లు పేరుస్తారు. ఆ గింజల మీద చక్రం ఎక్కిందంటే బ్రేకు వేసినా ఆగదు, జారుతుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే పిల్లవాడికి మిగిలేది ఒక పక్క రాళ్లు, ఇంకో పక్క కాలువ. ఆ నెలల్లో ధాన్యం కనిపించగానే దిగి నడిపించుకుంటూ వెళ్లమని ముందే చెప్పి పెట్టాలి. సంక్రాంతికి ముందు పొద్దున్నే మంచు కమ్ముకుంటుంది కాబట్టి, సైకిలు షికారు ఎండ పొడ వచ్చాకే. ఎదిగే పిల్లవాడని రెండేళ్లకు సరిపడా పెద్ద సైకిలు కొనే అలవాటు మనకుంది. సీటు మీద కూర్చుంటే మునివేళ్లయినా నేలకు ఆననిది కొనకండి.

ఇంతవరకు సైకిలుదే పైచేయి అనిపిస్తుంది. కానీ ఎముకల లెక్క దగ్గర సైకిలూ ఈతా రెండూ వెనకబడతాయి. ఒకదానిలో బరువు సీటు మోస్తుంది, రెండోదానిలో నీరు మోస్తుంది. ఎముక గట్టిపడాలంటే కాలు నేలను తాకి దెబ్బ తగలాలి. అంటే గెంతాలి, పరుగెత్తి ఆగాలి, మళ్లీ దూకాలి. అది తొక్కుడుబిళ్లలో ఉంది, తాడాటలో ఉంది, కబడ్డీలో ఉంది. తాతగారి తీర్పు పూర్తిగా కొట్టివేయలేనిది ఇందుకే. ఆడపిల్లలకు పదకొండు, పన్నెండేళ్లు రాగానే ఆటలు మాన్పించేస్తాం. ఎముక బాగా బలపడే వయసు సరిగ్గా అదే. ఈ ఒక్క విషయంలో ఇంటి పెద్దలతో గొడవపడినా తప్పులేదు.

కరాటే, స్కేటింగ్ క్లాసులు చెడ్డవి కావు. క్రమశిక్షణ వస్తుందంటారు, వస్తుందేమో. కానీ గంట క్లాసులో పిల్లవాడు సగంసేపు వరుసలో తన వంతు కోసం నిలబడే ఉంటాడు. తీసుకెళ్లే తల్లిదండ్రులకు తీరిక, డబ్బు రెండూ ఉంటే సరే.

వీధి ఆటలకు వానాకాలమే అసలు పరీక్ష. మైదానంలో బురద, గట్ల మీద బురద. కాలికి పుండో గీతో ఉన్న పిల్లవాణ్ణి అందులో దిగనివ్వకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్, అదే ఎలుక జ్వరం, చర్మం చిట్లిన చోట లోపలికి వెళుతుంది. డెంగీ దోమ పగలే కుడుతుంది, నిలవ ఉన్న నీటిలోనే గుడ్లు పెడుతుంది. కోనసీమ పెరళ్లలో వెల్లకిలా పడి ఉన్న కొబ్బరి చిప్పలకు మించిన తొట్టి దానికి ఎక్కడ దొరుకుతుంది? ఆటస్థలం చుట్టూ ఉన్న చిప్పలు వారానికోసారి బోర్లించే పని పిల్లలకే అప్పగించవచ్చు, అదీ కదలికే. మండు వేసవిలో ఏ ఆటయినా ఉదయం ఎనిమిదిలోపు, లేదంటే సాయంత్రం ఐదు దాటాక. మన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే థర్మామీటరు అంకె చూసి ధైర్యం చేయకూడదు. ఆటకు ముందు, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ తాగించాలి.

భీమవరంలో అపార్టుమెంటులో ఉండేవాళ్లయితే నేను ముందు ఈత నేర్పించి, ఆపైన సాయంత్రం మేడ మీద తాడాట, షటిల్ పెట్టిస్తాను. ఆ ట్రాఫిక్‌లో సైకిలు బడికి కాదు, ఆదివారం ఉదయానికే. పల్లెలో, బడి దగ్గర ఉన్నవాళ్లకు తిరుగులేకుండా సైకిలు, సాయంత్రం వీధి ఆట. గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల వాళ్లకు మాత్రం అన్నిటికన్నా ముందు ఈతే. అది నేర్చుకున్నాక కూడా, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు నుంచి పిల్లలెవరూ రేవు వైపు వెళ్లకూడదు. హెచ్చరిక ఎత్తేసేదాకా అరుగు మీద తాడాటే.