ముప్పై నిమిషాల ఒక వైపు: పాలకొల్లులో క్యాసెట్లు బాగుచేసే దుకాణం

పాలకొల్లు బస్టాండు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే ఒక చిన్న దుకాణంలో పాత టేపు రికార్డర్లను కూడా మరమ్మతు చేసి, క్యాసెట్లలోని సంగీతాన్ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తున్నారు. గడిచిన వేసవిలో నేను అక్కడ ఒక టేపు రికార్డరునూ 14 క్యాసెట్లనూ ఇచ్చాను. రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటి మూడుసార్లు తిరగవలసి వచ్చింది. మొత్తం మీద పని బాగుంది. అయితే కథలు రాసుకునేందుకు సంగీతం వినే నాబోటివారు అక్కడ ముందుగానే చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, అవి చెప్పకపోవడం వల్లనే ఆ తిరుగుడంతా.

నేను 1996 నవంబరు 6 నాటి తుఫాను నేపథ్యంగా ఒక నవల రాస్తున్నాను. ఉదయం కాఫీ తాగి క్యాసెట్ పెట్టుకోవడం, ఒక వైపు పూర్తయ్యేవరకు కుర్చీలోంచి లేవకపోవడం నా చిరకాలపు అలవాటు. అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక వైపు ముప్పై నిమిషాలు. టేపు చివరికి రాగానే మీట టక్కున పైకి లేస్తుంది. నేనూ లేచి, రాసిన చివరి పేరాను ఒకసారి పైకి చదువుకుని, క్యాసెట్ తిరగవేస్తాను. టేపు రికార్డరు మూలపడిన ఏడాదిన్నరలో ఫోనులో ఎంత సంగీతం విన్నా నవల సాగలేదు. ఫోనులో ఒక కచేరి అయిపోగానే మరొకటి అందుకుంటుంది, దానికి ఒడ్డు లేదు.

సాహిత్యం ఉన్న పాట వింటూ నేను ఒక్క పేజీ కూడా రాయలేను. 1989లో సలామే, బ్యాడ్లీ అనే మనస్తత్వ పరిశోధకులు అంకెల వరుసలను గుర్తుపెట్టుకునే పరీక్షలు జరిపి, వాద్యసంగీతం కంటే గాత్రం వినిపిస్తున్నప్పుడే ఎక్కువ పొరపాట్లు దొర్లుతాయని చూపారు. అంకెలు గుర్తుపెట్టుకోవడానికీ కథ రాయడానికీ చాలా దూరం ఉన్నమాట నిజమే గానీ, నా అనుభవమూ అదే. అయితే తెలుగువారికి ఇక్కడ మరొక చిక్కు ఉంది. త్యాగరాజ కృతిని వీణ మీద వాయించినా అది మనకు ఉత్త వాద్యసంగీతం కాదు. పల్లవి ఎత్తుకోగానే మనసు ఆ మాటలను తనంతట తానే పాడుకుంటుంది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణను గాత్రంలా పలికించినవారు. ఈ పాలకొల్లులోనే 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు నేర్పింది మాండలిన్ వాయించి కాదు, పాడి. గురువు పాడినదాన్ని శిష్యుడు తీగ మీదికి దించుకున్నాడు. అటువంటివారు కృతి వాయిస్తే మాట వినబడి తీరుతుంది. అది వారి గొప్పతనం, నా ఇబ్బంది. నాకు కావలసింది కృతికి ముందు, సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించే ఆలాపన, దాన్నే లయతో నడిపే తానం.

ఆలాపనలో వాద్యకారుడు ఒక స్వరం దగ్గర ఆగి, దాని చుట్టూ తిరిగి, పై స్వరాన్ని చూపినట్టే చూపి వెనక్కి వస్తాడు. నా నవలలో ఇంట్లోకి నీరు వచ్చే ఘట్టాన్ని నాలుగుసార్లు రాసి చించేశాను, ఎందుకంటే ప్రతిసారీ నీరు మొదటి వాక్యంలోనే వచ్చేసేది. ఒక తోడి రాగ ఆలాపన వింటూ రాసిన ఐదో ప్రతిలో, కొబ్బరితోటలో గాలి శబ్దం మారడం, పాకలో గేదె పలుపు తెంపుకోవడానికి పెనుగులాడడం, ముసలామె బియ్యం డబ్బాను అటక మీద పెట్టమనడం ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. నీరు మూడో పేజీలో గాని గడప దాటలేదు. సంభాషణలు రాసేటప్పుడు మాత్రం టేపు కట్టేస్తాను. మా కోనసీమ మాటలోనే ఒక సాగుడు ఉంది. ‘ఏవండీ’ అన్న పిలుపు ఎవరి నోట ఎంత సాగుతుందో వినబడాలంటే గదిలో మరో రాగం ఉండకూడదు.

దుకాణం యజమాని యంత్రం మీద చేసిన పని మెచ్చుకోదగినది. లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉండగా, దాన్ని స్పిరిట్‌తో తుడిచి కొత్త బెల్టు వేశారు. టేపును లాగే రబ్బరు చక్రం గట్టిపడడం వల్లనే స్వరం వణుకుతోందని గుర్తించి దాన్నీ మార్చారు. ఆ తరువాత టేపును చదివే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, తారస్థాయి స్వరాలు తేటపడేవరకు నా ఎదుటే ఒక క్యాసెట్‌ను వినిపించి సరిచేశారు. ఈ పని చేయకుండా ఎక్కిస్తే మాండలిన్ మీటు దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. వేరే ఊళ్లో ఒకచోట నాకు అలాగే జరిగింది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి, అది పెరిగితే శ్రుతీ పెరుగుతుంది. ఇంటికి తెచ్చి వాచీ పెట్టి చూస్తే ఒక వైపు ముప్పై నిమిషాలకు కొద్ది సెకన్లు ఎక్కువ పట్టింది, కొత్తలోనూ అంతే.

గోదావరి గాలిలోని తేమకు నా క్యాసెట్లలో ఐదింటికి తెల్లటి బూజు పట్టింది. వాటిని విప్పి, టేపును మెత్తటి గుడ్డ మీదుగా మెల్లగా తిప్పి శుభ్రం చేశారు. తొంభై నిమిషాల క్యాసెట్ ఒకటి తెగింది. ‘తొంభైవి పలచన, మాస్టారూ, ఎంత నెమ్మదిగా తిప్పినా సాగుతాయండి’ అని ముందే హెచ్చరించారు కాబట్టి దానికి ఆయనను తప్పుపట్టను. అతుకు దగ్గర రెండు సెకన్లు పోయాయి, అంతే.

తప్పుపట్టవలసింది పెన్ డ్రైవ్ విషయంలో. మొదటిసారి ఇచ్చిన పెన్ డ్రైవ్‌లో, నేను ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి పట్టుకున్న ఒక వీణ కచేరి పదకొండు ముక్కలై ఉంది. నిశ్శబ్దం వచ్చిన ప్రతిచోటా పాట ముగిసిందని కంప్యూటరు అనుకుని కత్తిరించింది. ఆలాపనలో వాద్యకారుడు ఊపిరి పీల్చుకునే చోట్లన్నీ దానికి ముగింపులే. టేపు సొదను, అంటే వెనక వినిపించే సన్నని బుసను, తీసివేసే ప్రయత్నంలో మంద్రస్థాయి స్వరాలు నీళ్లలో మునిగి పలికినట్టు మారాయి. శబ్దమంతటినీ ఒకే స్థాయికి తేవడంతో మెల్లగా మొదలు కావలసిన ఆలాపన, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనమంత గట్టిగా మొదలైంది. చివరకు అనౌన్సరు మాటలను కూడా తీసేశారు. వెళ్లి అడిగితే, ‘ఖాళీలు తీసెయ్యమనే అందరూ అడుగుతారండి, ఉంచమన్నది మీరొక్కరే’ అన్నారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు గానీ, చేసేముందు ఒక మాట అడగవలసింది.

పదకొండు క్యాసెట్లకు కత్తిరించని మూలప్రతులు ఆయన దగ్గరే ఉండడంతో వాటిని తిరిగి ఇచ్చారు; మిగిలిన మూడింటిని మళ్లీ వాయించి ఎక్కించారు. డబ్బేమీ అడగలేదు, కానీ మూడు వారాలు పట్టింది. యంత్రానికి 650 రూపాయలు, క్యాసెట్‌కు 120 చొప్పున 1,680, మొత్తం 2,330 రూపాయలయింది. ఇది ఎక్కువేమీ కాదు. వెళ్లదలచినవారు మూడు సంగతులు కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది: ఒక వైపును ఒకే ఫైలుగా ఉంచాలి, సొదను తీయకూడదు, ఎంపీ3 కాక, కుదించని వేవ్ ఫైలుగా ఇవ్వాలి. వేవ్ నిమిషానికి సుమారు పది ఎంబీ తింటుంది. నా 14 క్యాసెట్లకు 16 జీబీ పెన్ డ్రైవ్ సరిపోయింది. సినిమా పాటల క్యాసెట్లు ఇచ్చేవారికి ఇవేవీ అవసరం లేదు, ఆ దుకాణం పద్ధతి వారికి అచ్చంగా సరిపోతుంది. యంత్రం పనికి ఐదుకు ఐదు, పెన్ డ్రైవ్ పనికి మూడు వేస్తాను.

ఆ వీణ కచేరి ఇప్పుడు ఒకే ఫైలుగా ఉంది. ఒక వైపు చివర, కచేరి ముగిసి అనౌన్సరు సెలవు తీసుకున్నాక, అప్పట్లో నేను రేడియో కట్టేసి టేపును ఆపడం మరిచిపోవడం వల్ల ఆరు నిమిషాల ఖాళీ మిగిలిపోయింది. అందులో టేపు సొద తప్ప మరేమీ వినబడదు. తుఫాను తెల్లవారిన తరువాతి అధ్యాయాన్ని, విరిగిన కొబ్బరిచెట్ల మధ్య ఎవరూ మాట్లాడని ఆ ఉదయాన్ని, నేను ఆ ఆరు నిమిషాలనే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుంటూ రాస్తున్నాను.